మూడో పంపు బేరింగు

పంప్‌హౌస్‌లో అందరూ ఆవిడను వదిన అనే పిలిచేవారు. ఫిట్టర్లు, స్టోరు గుమాస్తా, గేటు దగ్గర కాపలావాడు, ఆఖరికి రిటైర్మెంటు దగ్గరపడ్డ సూపరింటెండెంటు కూడా. ఆవిడ యంత్రాల మరమ్మతులు చూసే ఇంజనీరు. ఆ పిలుపు తెచ్చిపెట్టింది మాత్రం ఆవిడ ఆడపడుచు. ఆమె అదే పంప్‌హౌస్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జి. కంట్రోల్ రూము కిటికీ తెరిచి "వదినా!" అని ఒక్క కేక వేసిందంటే నది అవతలి ఒడ్డున గేలం వేసుకున్నవాడు కూడా తిరిగి చూసేవాడు. అందుకని ఆమెకు సైరన్ అని పేరు స్థిరపడింది. ఆ పిలుపులో ఆప్యాయత ఉందని కొత్తగా చేరినవాళ్ళు పొరబడేవారు. వారం తిరిగేసరికి వాళ్ళకీ బోధపడేది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. డ్యూటీలో "మీరు", ఇంట్లో "నువ్వు" అన్నంతవరకే తేడా. తిట్టు రెండుచోట్లా ఒకటే.

ఇక మధ్యలో మనిషి ఆయన. వదినకు మొగుడు, సైరన్‌కు అన్నయ్య, పంప్‌హౌస్‌కు ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు ఆ ఇద్దరి మధ్యా ఏ మాటా మాట్లాడకుండా ఏళ్ళు నెట్టుకొచ్చాడు. ఫిట్టర్లు ఆయనకు న్యూట్రల్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు విని ఆయన కూడా నవ్వేవాడు. ముగ్గురిదీ ఒకే క్వార్టరు. వంటగది ఒకటే, పొయ్యిలు రెండు.

ఎండలు ముదిరి, ఊరంతా కుళాయిల ముందు బకెట్లు పెట్టుకుని కూర్చున్న రోజుల్లో మూడో పంపు ఆగిపోయింది. థ్రస్ట్ బేరింగు వేడెక్కి దానంతటదే ట్రిప్ అయింది. వదిన మెట్లెక్కి మోటారు పైకి చేరేసరికి కాలిన నూనె వాసన ముక్కు బద్దలు కొడుతోంది. సైరన్ అప్పటికే అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"చూసుకోండి మేడమ్ గారూ, మీ చేతి పనితనం. ఎండాకాలం ముందే కదా మొత్తం విప్పి బిగించారు. మూణ్ణెల్లు నిండలేదు."

"స్టార్టింగుకు ముందు లిఫ్ట్ ఆయిలు పెట్టావా?" అంది వదిన, కోపంలో "మీరు" మరిచిపోయి.

"నన్నడుగుతారేం? ఆడలేక మద్దెల ఓడన్నట్టు."

"పెట్టావా లేదా?"

"పెట్టాను. పెట్టకపోతే మోటారు స్టార్టే అవదు. ఆ సంగతి మీకు తెలుసు. తెలిసే అడుగుతున్నారు, పదిమందిలో నన్ను దోషిని చెయ్యడానికి."

పదిమంది ఏమీ లేరు. ఇద్దరు ఫిట్టర్లు బరువులెత్తే చైన్ బ్లాకు గొలుసు సర్దుతున్నట్టు నటిస్తున్నారు. కానీ సైరన్ గొంతుకు పదిమంది అవసరమూ లేదు.

మధ్యాహ్నం సూపరింటెండెంటు ముగ్గుర్నీ తన గదికి పిలిపించాడు. ఆయన గోడలూ కాలవలూ కట్టించి పైకొచ్చిన మనిషి. తిరిగే యంత్రమంటే ఆయనకు కాస్త భయం, కాస్త అనుమానం.

"ముందు నాకొకటి చెప్పమ్మా," అన్నాడు వదినతో. "అడుగున నీళ్ళలో పంపు, మూడంతస్తుల పైన మోటారు, మధ్యలో అంత పొడుగు షాఫ్టు. ఆ బరువంతా మోటారు నెత్తిమీద ఉన్న ఒక్క బేరింగే మోస్తుందంటావు. మోస్తూ గిరగిరా తిరుగుతుందంటావు. రాసుకుని అరిగిపోకుండా ఎలా ఉంటుంది?"

వదినకు ఆ ప్రశ్న నచ్చింది. ఆ పూట ఆవిడను తిట్టకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

"వానలో బండి జోరుగా పోతే టైరు కింద నీళ్ళు దూరి బండి తేలిపోతుంది చూడండి, బ్రేకు పట్టదు. ఇదీ అలాంటిదే సార్. షాఫ్టుతో పాటు తిరిగే పళ్ళెం ఒకటి పైనుంటుంది. దాని కింద చుట్టూ పేర్చిన ప్యాడ్లుంటాయి. అన్నీ నూనెలో మునిగి ఉంటాయి. ఒక్కో ప్యాడూ అడుగున ఒక బుడిపె మీద నిలబడి ఉంటుంది, కాబట్టి కాస్త ఒరగగలదు. పళ్ళెం తిరుగుతూ నూనెను తనతో లాక్కొస్తుంది. ప్యాడు ముందు అంచు కాస్త కిందికి ఒరిగి ఆ నూనెకు దారిస్తుంది. వెనక అంచు దగ్గర సందు ఇరుకవుతుంది. ఆ ఇరుకులోకి తోసుకొచ్చిన నూనెకు పోయే చోటు చాలక, మీదున్న బరువునే పైకెత్తుతుంది. తిరుగుతున్నంతసేపూ ఇనుము ఇనుముకు తగలదు. మధ్యలో వెంట్రుక మందం కూడా లేని నూనె పొర."

"ఆగినప్పుడో?"

"ఆగినప్పుడు పొర ఉండదు. అందుకే కదలబోయే ముందు చిన్న పంపుతో ఒత్తిడి పెట్టి ప్యాడ్ల మీదికి నూనె ఎక్కిస్తాం. అదే లిఫ్ట్ ఆయిలు. అది లేకుండా కదిలిస్తే ప్యాడు మీద ఉన్న బాబిట్, మెత్తటి లోహం పూత, చెరిగిపోతుంది."

"అంటే నేను పెట్టలేదని," అంది సైరన్. "సార్, ఆవిడ ఎంత తియ్యగా చెప్పినా సారాంశం అదే. ప్యాడ్లు గీకి సమం చేసే స్క్రేపింగ్ సరిగ్గా జరగకపోయినా వేడెక్కుతుంది. అది మాత్రం చెప్పదు."

"నా ప్యాడ్లకు వంక పెట్టడానికి నీకేం తెలుసు?"

"నోళ్ళు మూస్తారా?" అన్నాడు సూపరింటెండెంటు. "ఊళ్ళో నీళ్ళు లేక జనం నా మీద పడుతున్నారు. బేరింగు విప్పండి. తప్పెవరిదైతే వాళ్ళు ఆ కుర్చీలో ఇక కూర్చోరు." తర్వాత మూలన కూర్చున్న న్యూట్రల్ వైపు తిరిగాడు. "మీ వైపు ఏమైనా ఉందా?"

"నా వైపు అన్నీ సరిగ్గానే ఉన్నాయి సార్," అన్నాడాయన, గోడ మీది పటం చూస్తూ.

ఆ సాయంత్రం క్వార్టరులో సైరన్ తన పొయ్యి మీద గిన్నె పెట్టి, గరిటెతో అవసరానికి మించి చప్పుడు చేసింది. వదిన తన గిన్నె దించి, మూత అంతకంటే గట్టిగా వేసింది.

"అన్నయ్యా, కొందరు చదువుకున్నది యంత్రాలు బాగుచెయ్యడానికి కాదు, తప్పు ఎదుటివాళ్ళ మీదికి తొయ్యడానికి," అంది సైరన్.

"ఏవండీ, మీ చెల్లెల్ని నాతో మాట్లాడాలంటే నాతోనే మాట్లాడమనండి," అంది వదిన.

ఆయన తల వంచుకుని అన్నం తింటున్నాడు. "ఉప్పు తక్కువైంది," అన్నాడు. ఎవరి కూరలోనో చెప్పలేదు. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ లెక్కన తనకు ఒకటిన్నర మొగుళ్ళని, అందులో ఆ అర వంతుకే నోరున్నదని వదిన ఒకప్పుడు నవ్వుకునేది. ఆ రోజు నవ్వు రాలేదు. కుర్చీలో ఇక కూర్చోరన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఆ కుర్చీ ఆవిడకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

మర్నాడు ఉదయం రోటరు కింద జాకీలు పెట్టి బరువు లేపారు. నూనె తోడేసి, ప్యాడ్లు ఒక్కొక్కటే బయటికి లాగారు. చేటంత వెడల్పు, ఎత్తాలంటే ఇద్దరు పట్టాలి. వదిన వాటిని వరసగా చెక్కబల్ల మీద పెట్టించి, గుడ్డతో తుడిచి, చతికిలబడి కూర్చుంది.

తను ఊహించింది వేరు. లిఫ్ట్ ఆయిలు లేక చెరిగితే బాబిట్ తిరిగే దిక్కుకే ఈడ్చుకుపోతుంది. వెన్న మీద చాకు గీసినట్టు, ప్యాడు వెనక అంచు వైపుకి పోగవుతుంది. కానీ ఇక్కడ లోహం ముందు అంచు మీదికి పొర్లి, పెదవిలా వేలాడుతోంది. నూనె లోపలికి రావలసిన చోటే అది. ఆవిడ వేలితో తడిమి చూసింది. నూనె సాఫీగా దూరడానికి అంచును తను గుండ్రంగా దిద్దింది. ఇప్పుడా గుండ్రం లేదు. దాని స్థానంలో చిన్న గట్టు. ఆ గట్టు అడ్డం పడి నూనె సరిగ్గా రాక, పొర పలచబడి, రోజురోజుకూ వేడి పెరిగి పెరిగి ఆఖరికి ట్రిప్ అయింది. అన్ని ప్యాడ్లదీ అదే తీరు.

ఈలోగా సైరన్ వచ్చింది, చేతిలో ఫోను. "ఫొటోలు తీసుకుంటా. తర్వాత మీరు చెరిపేస్తే నాకు సాక్ష్యం ఉండొద్దూ?"

"తీసుకో. బాగా దగ్గరగా తియ్యి," అంది వదిన. "ఈ అంచు చూశావా?"

"చూస్తున్నా. చెండాలంగా ఉంది."

"మోటారు మీద బాణం గుర్తు ఎటుంది?"

సైరన్ తలెత్తి బాణం చూసింది. ప్యాడ్ల వైపు చూసింది. మళ్ళీ బాణం వైపు చూసింది. ఎంత పగ ఉన్నా పని తెలియని మనిషి కాదు. "ఇది వెనక్కి తిరిగింది," అంది, మొదటిసారి గొంతు తగ్గించి.

"తిరిగింది. ఈ ప్యాడు అడుగున బుడిపె నడిమధ్యన లేదు, వెనక అంచు వైపుకి జరిపి ఉంటుంది. ఒక దిక్కుకే నూనె పొర సరిగ్గా నిలుస్తుంది. వెనక్కి తిప్పితే ఇదే గతి. పంపు ఆపినప్పుడు నీ వాల్వు మూసుకోక, కొండమీది ట్యాంకు నీళ్ళు వెనక్కొచ్చి తిప్పి ఉంటాయి."

"నా వాల్వు ఏ రోజూ మొరాయించలేదు! నీళ్ళు వెనక్కొస్తే కంట్రోల్ రూములో అలారం మోగదా? తెలియనిదానివా?" అని లేచిన గొంతు మధ్యలోనే ఆగిపోయింది. సైరన్ మొహంలో రంగు మారడం వదిన స్పష్టంగా చూసింది. అప్పుడే తనకూ తట్టింది.

బేరింగు విప్పి బిగించిన కొన్నాళ్ళకు మూడో పంపుకు కేబులు జాయింటు కాలితే న్యూట్రల్ దాన్ని మార్చాడు. మూడు ఫేజుల్లో ఏ రెండు తారుమారైనా మోటారు వెనక్కి తిరుగుతుంది. అందుకే కేబులు ముట్టుకున్నాక పంపు నుంచి మోటారును విడదీసి, ఉత్త మోటారును తిప్పి దిక్కు చూడాలి. విడదీయడం వదిన మనుషుల పని. "కప్లింగు విప్పించనా?" అని ఆవిడ అడిగింది కూడా. "అక్కర్లేదు, ఫేజులకు గుర్తులు పెట్టుకునే కలిపాను," అన్నాడాయన. ఆవిడ నమ్మింది. మొగుడన్న నమ్మకం కాదు, పనివాడన్న నమ్మకం.

"ఆ రోజు మోటారు తిప్పాడా?" అని అడిగింది వదిన.

సైరన్ ఫిట్టర్ల వైపు చూసింది. వాళ్ళు దూరంగా నూనె డ్రమ్ము దగ్గర ఉన్నారు. "మోటారు దగ్గరే నిలబడి నడుపుకుంటానని లోకల్ కంట్రోలు అడిగాడు. ఇచ్చాను. సంతకం పెట్టిన కాగితం అడగలేదు. అన్నయ్యను కాగితం ఏం అడుగుతాను? ఇచ్చి భోజనానికి వెళ్ళాను."

లోకల్‌లో పెడితే లిఫ్ట్ ఆయిలు దానంతటది రాదు, అది లేకపోయినా మోటారు స్టార్టవుతుంది. ఎవరో ఒకరు గుర్తుంచుకుని వెయ్యాలి. అంటే అది వెయ్యడం మరిచి, అంత బరువునూ నూనె లేకుండా, పైగా వెనక్కి తిప్పాడు.

"సరే," అంది వదిన, లేస్తూ.

"ఎక్కడికి?"

"సూపరింటెండెంటు దగ్గరికి."

సైరన్ అడ్డంగా నిలబడింది. "బుద్ధుందా నీకు? నీ మొగుడే కదా!"

"నీ అన్నే కదా. నిన్నటిదాకా నన్ను కుర్చీ దింపడానికి గొంతు చించుకున్నావు."

"నీకైతే ఒక మెమో. స్క్రేపింగ్ సరిగ్గా కుదరలేదంటే ఎవరూ ఉరితియ్యరు. అన్నయ్యకు ఇది రెండో మెమో. ఉద్యోగం పోతుంది." సైరన్ వంగి, బల్ల మీదున్న స్క్రేపరు అందుకుంది. "ఈ అంచు గీకేస్తే సరిపోతుంది. ఎవరికి తెలుస్తుంది? నువ్వు గీకకపోతే నేను గీకుతా."

వదిన ఆమె మణికట్టు పట్టుకుంది. సైరన్ విదిలించింది. వదిన వదల్లేదు. ఇద్దరూ నూనె మరకల నేల మీద, నోట మాట లేకుండా పెనుగులాడారు. ఒకరు గింజుకుంటుంటే ఒకరు నొక్కిపట్టారు. స్క్రేపరు వదిన ముంజేతిని గీసుకుంటూ పోయి కింద పడింది. రక్తం సన్నగా పొంగింది. డ్రమ్ము దగ్గర ఫిట్టర్లు అటు తిరిగి నిలబడ్డారు.

"నా ప్యాడు ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తాను," అంది వదిన, ఆయాసపడుతూ.

న్యూట్రల్ స్విచ్‌గేరు గదిలో ఉన్నాడు. గదంతా సన్నటి హోరు. ఆయన ఏదో మీటరు తుడుస్తున్నాడు. తుడవాల్సినంత దుమ్ము దాని మీద లేదు.

"మూడో పంపు వెనక్కి తిరిగింది," అంది వదిన.

ఆయన తిరగలేదు. "రక్తం వస్తోంది నీకు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"వెంటనే. షాఫ్టు అటు తిరగడం చూసి ఆపేశాను. అది నెమ్మదిగా ఆగింది. రెండు ఫేజులు మార్చి కలిపాను. తర్వాత బాగానే తిరిగింది కదా. ఏమీ కాలేదనుకున్నాను."

"నిన్న ట్రిప్ అయ్యాక కూడా అలాగే అనుకున్నారా?"

ఆయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నిన్న ఆ గదిలో మీ ఎదురుగా నన్ను పట్టుకుని చేతకానిదన్నారు. నేను మీ చెల్లెలి మీద పడ్డాను. మీరు పటం చూస్తూ కూర్చున్నారు. ఎందుకు నోరు విప్పలేదు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించి, నిజమే చెప్పాడు. "మీరిద్దరూ ఎలాగూ పోట్లాడుకుంటారు కదా. ఇదీ అందులో కలిసిపోతుందనుకున్నాను."

వదిన పెళ్ళయినప్పటి నుంచీ ఆయన్ను "మీరు" అనే అంది. కోపంలోనూ అంతే. "నువ్వు మనిషివేనా?" అంది ఇప్పుడు. ఆయన ఉలిక్కిపడింది తిట్టుకు కాదు, ఆ "నువ్వు"కు.

ప్యాడును తోపుడు బండి మీద పెట్టించి, ఆవిడే తోసుకుంటూ ఆఫీసు దాకా తీసుకెళ్ళింది. ఇద్దరు ఫిట్టర్లు దాన్ని ఎత్తి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టారు. అద్దం మీద నూనె పారింది. ఆవిడ అంచు చూపించింది, బాణం దిక్కు చెప్పింది, కేబులు సంగతి చెప్పింది. మొగుడని ఒక మాట తగ్గించలేదు, మొగుడని ఒక మాట పెంచలేదు.

సైరన్ వెనకే వచ్చింది. "అబద్ధం సార్. తన తప్పు కప్పుకోవడానికి కట్టుకున్నవాణ్ణే బలిస్తోంది. ఇలాంటి ఆడదాన్ని ఎక్కడైనా చూశారా?"

న్యూట్రల్‌ను పిలిపించారు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కేబులు మార్చిన రోజు ఈయనకు లోకల్ కంట్రోలు ఇచ్చావా?" అని సూపరింటెండెంటు సైరన్‌ను అడిగాడు.

"లేదు సార్. ఇవ్వలేదు." తడుముకోలేదు, కళ్ళు దించలేదు.

 సూపరింటెండెంటు ఫోను మీద చెయ్యి వేశాడు, కంట్రోల్ రూము కంప్యూటరు ఏం చెబుతుందో అడగడానికి కావచ్చు. అప్పుడు న్యూట్రల్ గొంతు సవరించుకున్నాడు.

"ఇచ్చింది సార్. నేనే అడిగాను. వెనక్కి తిరిగింది, ఆపేశాను. చెప్పలేదు."

సైరన్ అన్నయ్య వైపు తిరిగింది. తన కోసం అబద్ధమాడిన చెల్లెల్ని ఆ ఒక్క మాటతో అబద్ధాలకోరును చేశాడని ఆయనకు అప్పుడే తట్టినట్టుంది, చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని తోసేసింది. తోసేసి, వదిన వైపు చూసింది. అరిచి ఉంటే బాగుండేది. ఆ చూపు కంటే కేకే నయం.

ఉద్యోగం పోలేదు. న్యూట్రల్‌ను ఎగువన ఉన్న చిన్న సబ్‌స్టేషనుకు పంపించారు, ఒక మెట్టు దించి. సైరన్‌కు మెమో ఇచ్చి, ఇన్‌చార్జి హోదా తీసేసి మామూలు ఆపరేటరుగా కూర్చోబెట్టారు. వదిన కొత్త బాబిట్ పోయించి, ఎత్తుపల్లాలు తెలిసేలా ప్యాడ్లకు నీలం రాసి, చదునైన ఇనుప బల్ల మీద రుద్ది, ఎత్తుగా ఉన్న మచ్చలను ఒక్కొక్కటే గీకుతూ అన్నీ మళ్ళీ దిద్దింది. ముంజేతి గాయం మీద కట్టు మాటిమాటికీ నూనెలో తడిసేది.

పంపు తిరిగి నడిపే రోజు కంట్రోల్ రూములో సైరన్ ఉంది, మోటారు దగ్గర వదిన ఉంది. మధ్యలో ఫోను.

"లిఫ్ట్ ఆయిలు ఒత్తిడి వచ్చింది," అంది సైరన్.

"రోటరు లేచింది. స్టార్టు ఇవ్వు."

మోటారు హోరెత్తింది. వదిన బాణం చూసింది, షాఫ్టు చూసింది. బేరింగు పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఫోనులో సైరన్ వేడి అంకెలు చదువుతోంది, ఒక్క మాట అదనంగా లేదు. అంకె పెరిగింది, ఇంకా పెరిగింది, తర్వాత నిలిచింది. చాలాసేపు అదే అంకె చదివాక సైరన్ ఆగింది.

"మా అన్నయ్యను ఊరవతలికి తోశావుగా. ఇప్పుడు చల్లగా ఉందా?"

"నూనె నమూనా రేపు పంపిస్తాను. రాసుకో," అంది వదిన, ఫోను పెట్టేసింది.

న్యూట్రల్ సెలవు రోజున క్వార్టరుకు వస్తాడు. ముందు గదిలో పడుకుంటాడు. మొదట్లో ఒకసారి, "నేనే ఒప్పుకున్నాను కదా," అన్నాడు. "చెల్లెలి అబద్ధం బయటపడుతుందని తెలిశాక," అంది వదిన. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. మోటారు వెనక్కి తిరగడాన్ని ఆవిడ ఎప్పుడో మన్నించింది. ఎవరి చేతిలోనైనా తారుమారవుతుంది. కలిసిపోతుందనుకున్నాను అన్న మాటే మింగుడుపడలేదు. చెల్లెలు ఆయనతో మాట్లాడుతోంది గానీ గొంతు ఎత్తడం మానేసింది. ఆ నిశ్శబ్దానికి ఆయన రోజురోజుకూ చిక్కిపోతున్నాడు.

వానలు మొదలయ్యాక ఒకటో పంపుకు కేబులు మార్చాల్సి వచ్చింది. కొత్తగా వచ్చిన ఎలక్ట్రీషియను తానే వచ్చి, మోటారును విడదీయించమని వదినను అడిగాడు. ఆవిడ మనుషులు కప్లింగు విప్పారు. ఆవిడ లోకల్ కంట్రోలు కోరే కాగితం మీద సంతకం పెట్టి కంట్రోల్ రూముకు తీసుకెళ్ళింది.

సైరన్ కాగితం అందుకుని అక్షరం అక్షరం చదివింది. నిలబడ్డ మనిషికి కుర్చీ చూపించలేదు. "తారీఖు వెయ్యలేదు మేడమ్ గారూ," అని తిరిగిచ్చింది.

వదిన తారీఖు వేసింది.

"ఏ పంపో అంకెలో రాశారు. అక్షరాల్లో కూడా రాయాలి."

వదిన మెట్లు దిగి, వేరే కాగితం రాసుకుని, మళ్ళీ ఎక్కి వచ్చింది. సైరన్ ఈసారి ఇంకా నెమ్మదిగా చదివింది. వంక దొరకలేదు. ముద్ర గట్టిగా గుద్ది, లోకల్ కంట్రోలు తాళంచెవి బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు తోసింది, చేతికి అందేలా కాకుండా. వదిన వంగి తీసుకుంది.

ఉత్త మోటారు కాసేపు తిరిగింది. దిక్కు సరిగ్గానే ఉంది.

"బోల్టులు బిగించండి," అని వదిన ఫిట్టర్లకు చెప్పి, చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడింది, ఆఖరి బోల్టు దాకా.